వృద్ధుల సేవల సదస్సుకు సెషన్ ప్రతిపాదన పంపుతున్నారా? ముందు హాల్లో ఎవరు కూర్చుంటారో చూడండి

"వృద్ధాప్యం – సమస్యలు – పరిష్కారాలు" అనే శీర్షికతో వచ్చే ప్రతిపాదనను నేను మొదటి పేరా దాటి చదవడం అరుదు. ఆ శీర్షిక కింద ఏ విషయమైనా చెప్పవచ్చు. అంటే పంపినవారు ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదన్నమాట. వారే తేల్చుకోనిదాన్ని మేమెలా ఎంపిక చేస్తాం?

నా సంగతి కొంచెం చెప్పాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యాక, రాజోలు వైపు ఒక పల్లెలో కాలువ గట్టున ఉన్న చిన్న వృద్ధాశ్రమం చూసుకుంటున్నాను. గోదావరి జిల్లాల్లో ఈ పనిలో ఉన్నవాళ్లం కలిసి జరుపుకునే సదస్సుకు సెషన్లు ఎంపిక చేసే బృందంలో నేనూ ఉన్నాను. పని బాగా తెలిసినవాళ్ల ప్రతిపాదనలు వెనక్కి పోతుంటే ఊరుకోలేక ఇది రాస్తున్నాను. మంచం పట్టినవాళ్లకు పడక పుండ్లు రాకుండా ఏళ్ల తరబడి కాపాడుకొస్తున్న ఆయాకు ప్రతిపాదన ఫారంలో "లక్ష్యాలు" అనే గడిలో ఏం రాయాలో తోచదు. ఆ గడిని ఇట్టే నింపగలిగినవారిలో కొందరు మంచం పట్టిన మనిషిని ఒక్కసారైనా పక్కకు తిప్పి ఉండరు. నేను మాట్లాడుతున్నది ఆ ఆయాతోనూ, ఆమెలాంటి వాళ్లతోనూ.

వినేవాళ్లు ఎవరు?

ఫారం తెరవక ముందే తేల్చుకోవలసింది ఇది. మా సదస్సుకు వచ్చేది వృద్ధాశ్రమాల నిర్వాహకులు, ఆయాలు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, ఫిజియోథెరపీ విద్యార్థులు, గ్రామ సచివాలయాల ఉద్యోగులు, ఒకరిద్దరు డాక్టర్లు, అత్తనో తల్లినో ఇంట్లో చూసుకుంటున్న ఆడవాళ్లు. మన డెల్టా ఇళ్ల సంగతి మీకు చెప్పనక్కరలేదు. కొడుకు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. కోనసీమలో, నరసాపురం వైపు కువైట్‌కో దుబాయ్‌కో వెళ్లిన ఆడవాళ్లు చాలామంది. ఇక్కడ మిగిలిన పెద్దవాళ్లకు అన్నం పెట్టేదీ, మాత్ర వేసేదీ పక్కింటి మనిషో, జీతానికి కుదిరిన మనిషో. ఆ మనిషి చేతికి పని అందించే సెషన్ ఏదైనా సరే, నా ఓటు దానికే.

అందుకని ఫారం పక్కన పెట్టి, ఒక కాగితం మీద ఈ వాక్యం పూర్తి చేయండి: "ఈ సెషన్ విన్న ఫలానా వారు ఇంటికి వెళ్లిన మర్నాడు ఫలానా పని చేయగలుగుతారు." రెండు ఫలానాలూ నిండకపోతే విషయం ఇంకా పెద్దదిగా ఉందని లెక్క, చిన్నది చేయండి. "వృద్ధుల పోషకాహారం" పెద్దది. "పళ్లు లేని మధుమేహ రోగికి మూడు పూటలా ఏం వండాలి" సరిపోతుంది.

ఒక ప్రతిపాదనను విప్పి చూద్దాం

మా దగ్గరికి తరచుగా వచ్చే విషయం, పెద్దవాళ్లు పడిపోవడం. నిజంగా అవసరమైనదే. కానీ వచ్చేది "వృద్ధులలో పతనాలు – నివారణోపాయాలు" అని. పతనం అంటే నాకు రాజ్యాలు గుర్తొస్తాయి గాని, పెరట్లో జారిపడ్డ సుబ్బమ్మ గారు గుర్తురారు.

పడిపోవడం మన దగ్గర ఎలా జరుగుతుందో ఒకసారి మనసులో నడిచి చూడండి. పాత పెంకుటిల్లు. మంచం మధ్య గదిలో. బాత్రూమ్ పెరట్లో. దారిలో గడప, వసారా, మెట్టు, ఆ తర్వాత గచ్చు. వానాకాలం దాటినా గచ్చు మీద నాచు పోదు. బాత్రూమ్ గుమ్మం దగ్గర నీళ్లు బయటికి రాకుండా కట్టిన అడ్డుగట్టు. రాత్రి రెండు గంటలు. ఒంట్లో నీరు తీసే బీపీ మాత్ర సాయంత్రం వేసుకోవడంతో నిద్ర మధ్యలో లేవక తప్పదు. లైటు స్విచ్చు మంచానికి అవతలి గోడన ఉంటుంది. కళ్లజోడు ఎక్కడ పెట్టారో గుర్తు లేదు. చీర కుచ్చెళ్లు కాలి కింద పడతాయి.

ఇదంతా మీకు ముందే తెలుసు. ప్రతిపాదనలో రాయవలసింది కూడా సరిగ్గా ఇదే. నేనైతే శీర్షిక ఇలా పెడతాను: "రాత్రి రెండు గంటలకు పెరట్లోకి: పెద్దవాళ్లు పడిపోకుండా ఇంటి దారిని సరిచేయడం". సారాంశం ఇలా ఉంటుంది:

"డెల్టా పల్లెల్లో చాలా ఇళ్లకు బాత్రూమ్ పెరట్లో ఉంటుంది. రాత్రివేళ మంచం దగ్గర నుంచి అక్కడికి వెళ్లే దారిలో గడప, మెట్టు, తడి గచ్చు, చీకటి వరుసగా ఎదురవుతాయి. తుంటి విరిగాక వైద్యం ఎలాగో చెప్పే సెషన్ కాదిది. ఆయా గాని, కోడలు గాని ఆ దారిని పగటిపూట నడిచి చూసి, పైసా ఖర్చు లేకుండా మార్చగలిగినవి ఏవి, తాపీమేస్త్రీని పిలవవలసినవి ఏవి, డాక్టరును అడగవలసినవి ఏవి అని విడదీయడం నేర్పుతాం. హాల్లోనే మంచం, గడప, అడ్డుగట్టు అమర్చి అందరినీ నడిపిస్తాం."

ఇందులో వృద్ధాప్యం గురించి ఉపోద్ఘాతం లేదు. "నేటి ఆధునిక సమాజంలో ఉమ్మడి కుటుంబాలు విచ్ఛిన్నమై" అన్న వాక్యం లేదు. ఆ వాక్యం లేని ప్రతిపాదన కనబడితే మా బృందంలో ఒకరు టీ ఇప్పిస్తామన్నారు. ఇప్పటికీ ఆయన జేబుకు పెద్దగా చిల్లు పడలేదు.

తర్వాత, చాలామంది తడబడే గడి: లక్ష్యాలు. సాధారణంగా మూడు అడుగుతారు. "అవగాహన కలుగుతుంది", "ప్రాధాన్యాన్ని గుర్తిస్తారు", "తెలుసుకుంటారు" అని రాయకండి. అవగాహన కలిగిందో లేదో ఎవరూ కళ్లతో చూడలేరు. కంటికి కనిపించే పనిని తెలిపే క్రియ వాడండి: కొలుస్తారు, నింపుతారు, ఎంచుతారు, చేసి చూపిస్తారు. పై సెషన్‌కు నేను రాసే మూడూ ఇవి.

ఒకటి, మంచం నుంచి బాత్రూమ్ దాకా దారిని నడిచి, ప్రమాదం ఉన్న చోట్లను పట్టికలో నింపుతారు.

రెండు, ఒక మనిషికి పడిపోయే ముప్పు ఎంతో గడియారం పెట్టి చూస్తారు. ఇది తేలికైన పరీక్షే. కుర్చీలోంచి లేచి, మామూలు నడకతో మూడు మీటర్లు వెళ్లి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు గాని, అంతకన్నా ఎక్కువ గాని పడితే జాగ్రత్తపడాలి. చేతికర్ర వాడేవారు కర్రతోనే నడవవచ్చు. పక్కన ఒకరు నిలబడాలి.

మూడు, పడిపోయిన మనిషిని లేపేముందు ఏం చూడాలో చేసి చూపిస్తారు. మన ఇళ్లలో ఎవరైనా పడితే నలుగురు పరిగెత్తుకొచ్చి రెక్కలు పట్టి పైకి లాగేస్తారు. ముందు రెండు కాళ్లూ పోల్చి చూడాలి. ఒక కాలు పొట్టిగా అయి, పాదం బయటివైపు తిరిగి ఉంటే తుంటి విరిగిందని అనుమానించి కదపకుండా 108కి ఫోన్ చేయాలి. తలకు దెబ్బ తగిలిందా, రక్తం పలచన చేసే మాత్రలు వాడుతున్నారా అని అడగాలి. ఈ మూడో లక్ష్యం ఒక్కటి చాలు, నేను ఆ సెషన్‌కు కుర్చీ వెతుక్కుంటాను.

గంట సెషన్‌కు నిమిషాల లెక్క కూడా రాయండి. 5 నిమిషాలు పరిచయం, 15 నిమిషాలు దారి చూపించడం, 25 నిమిషాలు గుంపులుగా సాధన, 10 నిమిషాలు ప్రశ్నలు, చివరి 5 నిమిషాల్లో ఎవరి ఇంటి పట్టిక వాళ్లు మొదలుపెట్టడం. "45 నిమిషాల ఉపన్యాసం, 15 నిమిషాల ప్రశ్నలు" అని ఉంటే ప్రశ్నలు ఉండవని మాకు తెలుసు. ఉపన్యాసం గంటా పది నిమిషాలు సాగి, తర్వాతి వక్త గుమ్మంలో నిలబడి ఉంటారు. పైగా భోజనం తర్వాతి వేళ ఇచ్చామనుకోండి, పనసపొట్టు కూర తిని వచ్చిన హాలును మాటలతో మేలుకొలపడం ఎవరి తరమూ కాదు. లేచి చేసే పని ఉండాలి.

మన నేల అడిగే విషయాలు

ఏ ఊరికైనా సరిపోయే విషయం కన్నా, ఇక్కడే పుట్టిన విషయానికి మార్కులు ఎక్కువ. నేను ఎదురుచూస్తున్నవి కొన్ని చెబుతాను, ఎవరైనా తీసుకోవచ్చు.

మొదటిది వరద. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలు చూసినవాళ్లకు లంక గ్రామాల్లో మంచం పట్టిన మనిషిని దాటించడమంటే ఏమిటో తెలుసు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. మూడోది వచ్చాక పెద్దవాళ్లను పడవ ఎక్కించడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. ఏ హెచ్చరికకు ఏ పని జరగాలి అన్నదే సెషన్‌గా కట్టండి. మొదటి దానికే ఊళ్లో నడవలేనివారి జాబితా చేతిలో ఉండాలి. ఒక్కొక్కరికి ఒక ప్లాస్టిక్ కవరు: వారం మాత్రలు, మందుల చీటీ నకలు, ఆధార్ నకలు, కళ్లజోడు, కట్టుడు పళ్లు, వినికిడి మిషను బ్యాటరీలు. ఇన్సులిన్ వాడేవారికి అది చల్లగా ఉండే ఏర్పాటు. పునరావాస కేంద్రంగా మార్చిన బడిలో పెద్దవాళ్లు నేల మీద కూర్చుని లేవలేరు, కాబట్టి కమోడ్ కుర్చీ ఎవరు తెస్తారో ముందే తేల్చుకోవాలి. మతిమరుపు జబ్బు ఉన్నవారు ఆ జనాన్నీ అరుపులనూ చూసి బెదిరి ఎటో వెళ్లిపోతారు. వారి పక్కన తెలిసిన ముఖం ఒకటి ఉండాలి. ఒక దుప్పటిని ఇద్దరు పట్టుకుని మనిషిని పడవలోకి దించడం హాల్లో చేసి చూపిస్తే ఆ సెషన్‌ను మేం వదులుకోం. వరద కష్టాల ఫొటోలు మాత్రం వద్దు, అందరం చూశాం.

రెండోది ఆస్తి. కొబ్బరి తోటో వరి చేనో పిల్లల పేర రాసిచ్చేసి, తర్వాత కూడు పెట్టేవారు లేక మా ఆశ్రమానికి వచ్చినవారు ఉన్నారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం మీద ప్రతిపాదనలు బాగానే వస్తాయి, కానీ అన్నీ చట్టంలోని అధ్యాయాలను వరుసగా చదివేవే. వినేవారికి కావలసినవి కొద్ది సంగతులు. అర్జీ ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు పెట్టుకోవచ్చు. లాయరు అక్కరలేదు. అవతలివారికి నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, ప్రత్యేక కారణం ఉంటే ఇంకో 30. చట్టం పెట్టిన భరణం పరిమితి నెలకు రూ. 10,000. ఇక 23వ సెక్షన్ కింద రాసిచ్చిన ఆస్తిని వెనక్కి కోరాలంటే, పోషించాలనే షరతు మీద ఇచ్చినట్టు ఉండాలి. అందుకే రాసివ్వబోయేవారికి ఇది మరీ ముఖ్యం. ఇక్కడ సెషన్ ఏం చేయాలి? ఒక నమూనా అర్జీని హాల్లో అందరిచేత నింపించాలి. ఒక గిఫ్టు దస్తావేజు నకలు ఇచ్చి, ఆ షరతు వాక్యం అందులో ఉందో లేదో వెతికించాలి. వక్తగా లాయరు ఉంటే మంచిదే, ఆ ఆఫీసులో అర్జీలు తీసుకున్న గుమాస్తా దొరికితే ఇంకా మంచిది.

మూడోది నాకు ఇష్టమైన ఆలోచన. ఇంతవరకు ఎవరూ పంపలేదు. నెల మొదట్లో రూ. 4,000 వృద్ధాప్య పింఛను ఇవ్వడానికి సచివాలయం ఉద్యోగి ఇంటి గుమ్మం దాకా వెళతారు. చాలామంది పెద్దవాళ్లను నెలకోసారి తప్పకుండా చూసే బయటి మనిషి ఆ ఉద్యోగే. ఆ కాసేపట్లో ఏం గమనించవచ్చు? పోయిన నెల కన్నా చిక్కిపోయారా, ఒంటి మీద కమిలిన గుర్తులున్నాయా, పింఛను డబ్బు చేతిలో పడగానే ఇంకెవరైనా లాక్కుంటున్నారా, అడిగిందే మళ్లీ అడుగుతున్నారా. అనుమానం వస్తే ఏఎన్ఎంకు చెప్పడమో, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయించడమో ఎలాగన్నది అరగంటలో నేర్పవచ్చు. సచివాలయంలో పనిచేసేవారు ఎవరైనా దీన్ని పంపితే, రాయడంలో నేను సాయం చేస్తాను. అయితే అప్పుడు దానికి మార్కులు నేను వేయను, అది వేరే సంగతి.

అంకెల గురించి

"వృద్ధుల్లో 70 శాతం మంది ఒంటరితనంతో బాధపడుతున్నారు" అని రాస్తారు. ఎక్కడి వృద్ధులు, ఎవరు లెక్కించారు? ఆధారం లేని అంకె పెట్టడం కన్నా అంకె లేకపోవడం మేలు. దేశం లెక్క కావాలంటే 2011 జనాభా లెక్కలున్నాయి: 60 దాటినవారు సుమారు 10.4 కోట్లు, జనాభాలో 8.6 శాతం. 2017–18లో 45 ఏళ్లు దాటిన 72 వేలకు పైగా మందిని కలిసి వృద్ధాప్యం మీద చేసిన 'లాసీ' (LASI) జాతీయ అధ్యయనం ఉంది. వీటిలోంచి ఒక్కటి తీసుకోండి. దాని పక్కన మీ ఆశ్రమంలోనో మీ ఊళ్లోనో మీరు లెక్కపెట్టింది ఒకటి పెట్టండి. "మా దగ్గర ఉన్నవారిలో సగం మందికి కళ్లజోడు పవరు మారింది, ఎవరూ పరీక్ష చేయించలేదు" అన్న వాక్యం ముందు ఏ జాతీయ శాతమూ నిలవదు.

వక్తలు, అమ్మకాలు, ఫొటోలు

ఇద్దరు వక్తలు చాలు. ఐదుగురితో చర్చావేదిక పెడితే పరిచయాలకు, శాలువాలకే సగం సమయం పోతుంది. ఇద్దరిలో ఒకరు ఆ పని రోజూ చేతులతో చేసేవారై ఉండాలి. పెద్ద డాక్టరు పేరు పెట్టినంత మాత్రాన మార్కులు పెరగవు. మా దగ్గర తొలి వడపోతలో పేర్లు తీసేసి చదువుతాం. కాబట్టి సారాంశంలో మీ సంస్థ పేరు, మీ బిరుదులు రాయకండి. వాటికి వేరే గడి ఉంది.

వృద్ధులనే వక్తగా తీసుకురాగలరేమో ఆలోచించండి. చేతికర్ర వాడడం గురించి ఫిజియోథెరపిస్టు చెప్పాక, కర్ర పట్టుకోవడానికి తనకు ఎందుకు సిగ్గేసిందో ఒక పెద్దాయన చెబితే, హాల్లో నేర్చుకునేది రెట్టింపవుతుంది.

డైపర్లు, చక్రాల కుర్చీలు, గాలి పరుపులు అమ్మేవారితో మీకు సంబంధం ఉంటే దాచకుండా రాయండి. సంబంధం ఉండడం తప్పు కాదు. కానీ సెషన్‌లో బ్రాండు పేరు చెప్పకూడదు, ఆర్డర్లు తీసుకోకూడదు. అమ్మేవారికి వరండాలో బల్లలు వేస్తాం.

మీ దగ్గర ఉన్నవారి ఫొటోలు చూపించాలనుకుంటే వారి అనుమతి కాగితం మీద తీసుకోండి. మతిమరుపు జబ్బు ఉన్నవారు నవ్వుతూ తల ఊపడం అనుమతి కిందికి రాదు. ఇంటివారిని అడగండి, అయినా ముఖం కనపడకుండా చూడండి. "కొడుకు వదిలేసిన తల్లి" అని పేరుతో సహా తెర మీద చూపించే సెషన్‌ను మొదటి రోజే తీసేస్తాం. ఆ తల్లి ఊరివాళ్లు అదే హాల్లో ఉంటారు.

పంపేముందు చిన్న చిన్న పనులు

తెలుగు యూనికోడ్‌లో టైపు చేయండి. ప్రింటింగ్ ప్రెస్సులో అను ఫాంట్లతో చేయించి పంపిన ఫైలు మా కంప్యూటర్లో పిచ్చి గీతల్లా తెరుచుకుంటుంది. టైపు రాకపోతే ఫోన్లో మాట చెప్పి రాయించుకోండి, ఆ తర్వాత ఒకసారి చదివి తప్పులు దిద్దండి. పదాల పరిమితి 200 అంటే 200. గడువు చివరి రాత్రి దాకా ఆగకండి, కరెంటు మీ మాట వినదు.

ఏమేం కావాలో స్పష్టంగా అడగండి: ఒక మంచం, రెండు చేతుల కుర్చీలు, కొలత టేపు, గుంపుగా కూర్చునేలా మార్చగలిగే హాలు. ప్రొజెక్టర్ లేకపోయినా సెషన్ నడుస్తుందని ఒక వాక్యం రాయండి. దాన్ని నేను ప్రత్యేకంగా వెతుకుతాను.

పంపేముందు ఈ రంగంతో సంబంధం లేని ఒకరికి చదివి వినిపించండి. విన్నాక "ఇంతకీ ఏం నేర్పుతావు?" అని వారు అడిగితే మళ్లీ రాయండి. "మా నాన్నగారికి ఇది కావాలి" అంటే పంపేయండి.

ఎంపిక కాకపోతే కారణం అడగండి. అడిగినవారికి మేం చెబుతాం, అడిగేవారే తక్కువ. చాలాసార్లు కారణం ఇద్దరు ఒకే విషయం పంపడమే అవుతుంది. అలాంటప్పుడు అవతలివారితో కలిసి చేస్తారా అని మేమే అడుగుతాం, కాదనకండి. గంటకు చాలని విషయమైతే 20 నిమిషాల చిన్న సెషన్‌గా మార్చి పంపవచ్చు.

ఎంపికైతే అందరికీ పంచడానికి ఒకే ఒక పేజీ కాగితం తయారుచేయండి. అక్షరాలు 16 పాయింట్లకు తగ్గకూడదు, ఎందుకంటే దాన్ని చివరికి చదివేది ఇంట్లో ఉన్న పెద్దవాళ్లే. వెనక వైపు ఖాళీగా వదలండి, మాత్రల వేళలు రాసుకుంటారు.